అల్లుడుగారికి తోడు

పోయిన ఆదివారం ఐర్లండ్‌లోని నేస్ ఊళ్ళో అక్కావాళ్ళింటి నుంచి బయల్దేరుతుంటే, అక్క ఒక చిన్న స్టీలు గిన్నె నా చేతిలో పెట్టింది. అడుగున నాలుగు చెంచాల పెరుగు, పైన ఫాయిల్‌తో బిగించిన మూత. "తోడు. కారులో ఒలకబోసుకోకు. హాట్‌ప్రెస్‌లోనే పెట్టు. ఎక్కడపడితే అక్కడ పెట్టేసి, నీ తోడు బాగాలేదక్కా అని నాకు ఫోన్ చెయ్యకు" అంది. హాట్‌ప్రెస్ అంటే ఇక్కడి ఇళ్ళలో వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమర. ఐరిష్‌వాళ్ళు అందులో తువ్వాళ్ళు వెచ్చబెట్టుకుంటారు, మనవాళ్ళు పెరుగు తోడేస్తారు. వేసవి కూడా చలికాలానికి దూరపు చుట్టంలా వచ్చిపోయే ఈ దేశంలో పాలు కుదురుగా తోడుకునే చోటు అదొక్కటే. సరే, తోడు అన్న మాట చెవిన పడగానే నా కళ్ళు వాటంతటవే హాలు మూలనున్న అద్దాల తొట్టె వైపు వెళ్ళాయి. తొట్టెలోంచి అల్లుడుగారు కూడా నా వైపే చూస్తున్నారు. ఇద్దరికీ ఒకే సంగతి గుర్తొచ్చిందని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, ఆయన చూసింది నా చేతిలోని గిన్నెను. ఆయన జ్ఞాపకాలన్నీ మేతకు సంబంధించినవే.

అల్లుడుగారంటే చేప. ఆ జాతిని ఆస్కార్ అంటారు. బహుమతికీ దానికీ సంబంధం లేదు, కాకపోతే నటనలో తీసిపోదు. మహమ్మారి ఇంకా పేపర్లో లోపలి పేజీ వార్తగా ఉన్న చలికాలంలో దాన్ని బావ తెచ్చాడు. బావ కాజిల్‌బార్‌లో డాక్టరు, అంటే దేశానికి ఆ చివర. అక్కది క్లోనీ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, దేశానికి ఈ చివర. ఇల్లు నేస్‌లో కొన్నారు. వారమంతా బావ అక్కడ అద్దెగదిలో ఉండి, శనివారం పొద్దున్నకి ఇంటికి చేరేవాడు. "ఇల్లు బోసిగా ఉంటోంది" అని అక్క ఒకసారి అంది. ఆ మాటకి అర్థం, ఇటువైపు ఏదైనా ఆసుపత్రికి మారమని. బావ బాగా అర్థం చేసుకుని, ఆ తర్వాతి శనివారం ఒక ప్లాస్టిక్ సంచీలో నీళ్ళూ, నీళ్ళలో బొటనవేలంత చేపా పట్టుకొచ్చాడు. గోధుమరంగు ఒంటి మీద నారింజ మరకలు, మొహంలో అప్పుడే ఏదో పోగొట్టుకున్నట్టు ఒక దిగులు. ఒక్కటే ఉంటే బాగుండదని, పక్కన మెరిసే చిన్న చిన్న చేపలు అరడజను కూడా తెచ్చాడు. ఇవన్నీ కలిసి ఉంటాయా అని కొట్టతన్ని అడిగితే, "గ్రాండ్‌గా ఉంటాయి" అన్నాడట.

ఈ గ్రాండ్ దగ్గరే మనవాళ్ళు పడిపోతారు. మన దగ్గర గ్రాండ్ అంటే బ్యాండుమేళం, పూల స్టేజీ, ఆకులో నాలుగు స్వీట్లు. ఇక్కడ గ్రాండ్ అంటే, ఇప్పటిదాకా ఎవరూ పోలేదు అని. బావకి ఆ తేడా తెలియక కాదు, రోజూ ఆసుపత్రిలో అదే మాట పదిమందితో అంటాడు. కానీ భార్య కోసం చేపలు కొనేటప్పుడు మనిషి మాతృభాషలోనే వింటాడు. కొట్టతను చెప్పింది అబద్ధమూ కాదు, ఆ రోజుకి అన్నీ గ్రాండ్‌గానే ఉన్నాయి. తర్వాతి శనివారానికి అరడజను ఐదయ్యాయి. ఆ తర్వాత మూడయ్యాయి. మిగతావి రాళ్ళ వెనక దాక్కున్నాయని అక్క నమ్మకం. శవాలు లేకుండా చావులు ఎలా జరుగుతున్నాయో బావకి అంతుపట్టలేదు. చివరికి ఒకరోజు మన దిగులు మొహం చేప నోట్లోంచి మెరిసే తోక ఒకటి కాస్త బయటికి ఉండగా పట్టుబడింది. అప్పుడు కూడా మొహంలో దిగులు అలాగే ఉందట.

ఇక నా ప్రవేశం. డబ్లిన్‌లో ఎమ్మెస్సీ చదువుతూ, సాయంత్రాలు ఒక కాఫీ షాపులో కప్పులు కడిగేవాణ్ణి. లాక్‌డౌన్ రాగానే కాఫీ షాపు మూసేశారు, యూనివర్సిటీ లాప్‌టాప్‌లోకి వెళ్ళిపోయింది, రూము లీజు అయిపోయింది. అక్కకి అప్పుడు ఐదో నెల. ఆవిణ్ణి చూసుకోడానికి వచ్చానని నేను అందరికీ చెప్పుకున్నాను. దిక్కులేని తమ్ముణ్ణి చేరదీశానని ఆవిడ అందరికీ చెప్పుకుంది. రెండూ ఒకే ఫోన్‌లో అమ్మకి వెళ్ళేవి, అమ్మ రెండూ నమ్మేది. నేను సూట్‌కేసుతో దిగిన వారంలోనే బావ రావడం మానేశాడు. ఆయన్ని కొవిడ్ వార్డు డ్యూటీలో వేశారు. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లోకి ఆ వార్డులోంచి అడుగు పెట్టనని ఆయనే తేల్చేశాడు. అసలు చిక్కు ఇంకొకటి. అక్క పేరు రాయించుకున్న డబ్లిన్ ఆసుపత్రిలో కాన్పుకి లోపలికి ఒక్కరినే రానిస్తామన్నారు. అదీ మొదటినుంచీ కాదు, నొప్పులు ఎక్కువయ్యాకే. అందుకని బావ ఒక ప్లాను వేశాడు. తేదీకి నెల ముందు ఆ వార్డులోంచి బయటపడటం, రెండు వారాలు గదిలో ఒంటరిగా ఉండటం, ఏ లక్షణమూ లేకపోతే ఇంటికి రావడం. లోపలికి వెళ్ళే ఆ ఒక్కరు ఎవరు అనే ప్రశ్నకి మా ఇంట్లో జవాబు ఒకటే ఉండేది. ఆ జవాబు కాజిల్‌బార్‌లో ఉండేది.

రోజూ సాయంత్రం బావ వీడియో కాల్ చేసేవాడు. ముక్కు మీదా చెంపల మీదా మాస్కు ఒత్తుకున్న గీతలు, కళ్ళకింద నలుపు. వార్డులో ఏమవుతోందో చెప్పేవాడు కాదు. అక్క అడిగేది కాదు. ఇద్దరి మాటలూ ఒకేలా మొదలయ్యేవి.

"చేప తిందా?"

"తింది. నువ్వు?"

"తిన్నాను."

మొదట్లో నాకు నవ్వొచ్చేది. ప్రపంచం ఇలా ఉంటే మొగుడూ పెళ్ళాలు చేప మేత గురించి మాట్లాడుకుంటారేమిటి అని. కొన్నాళ్ళకి కోడ్ అర్థమైంది. 'తింది' అని అక్క వెంటనే అంటే ఇక్కడ అంతా బాగున్నట్టు. కాస్త ఆగి అంటే డాక్టర్ దగ్గర బీపీ ఎక్కువ చూపించినట్టు. 'తిన్నాను' అని బావ తల వంచుకుని అంటే వార్డులో ఎవరో పోయినట్టు. అలా ఆ చేప పాపం, తనకి సంబంధం లేని రెండు ఆసుపత్రుల బరువు మోసింది. ఒళ్ళు కూడా ఆ బరువుకి తగ్గట్టే పెంచింది. బొటనవేలు కాస్తా అరచేయి అయింది.

అలాంటి చేప ఒకరోజు పొద్దున్న తొట్టె అడుగున పక్కకి వాలి పడుకుని ఉంది. ఒక కన్ను ఇసకలోకి, ఒక కన్ను ఆకాశంలోకి. అక్క కేక విని నేను మెట్లన్నీ ఒక్క దూకులో దిగాను. అక్క తొట్టె ముందు పొట్ట పట్టుకుని నిలబడి ఉంది, మొహంలో రక్తం లేదు. "దీనికేమన్నా అయితే..." అని ఆగిపోయింది. మిగతా సగం వాక్యం నాకు అర్థమైంది. సాఫ్ట్‌వేర్ చదివిన మనిషే, కానీ ఆ రోజుల్లో పాలు పొంగి పొయ్యి మీద పడినా ఆవిడకి ఏదో సూచనలాగే కనిపించేది. మేత వేశాం, కదల్లేదు. నేను అద్దం మీద వేలితో కొడితే పైకన్ను నావైపు తిరిగింది. చచ్చినవాళ్ళు అంత విసుగ్గా చూడరు.

అదే సమయానికి రెండిళ్ళ అవతలుండే ఆంటీ వాకింగ్‌కి వచ్చి మా కిటికీ బయట ఆగారు. ఆంటీవాళ్ళది రాజమండ్రి. ఈ కాలనీలో అందరికంటే ముందు వచ్చి, ఇల్లు కొని, షుగరు తెచ్చుకుని, అంకుల్‌కి గుండెకి స్టెంటు వేయించుకుని స్థిరపడ్డ కుటుంబం. మాస్కు మీద మళ్ళీ చీరకొంగు చుట్టుకుని, కిటికీ అద్దంలోంచి తొట్టె వైపు చూసి పకపకా నవ్వారు. "ఏవిటర్రా ఆ కంగారు? అలకపాన్పు ఎక్కాడు అల్లుడుగారు! పెళ్ళిలో మా ఆయన అచ్చం ఇలాగే పడుకున్నారు. స్కూటరు ఇస్తామనేదాకా లేవలేదు." ఆ క్షణం నుంచీ చేపకి పేరు, హోదా, గారు అన్నీ వచ్చేశాయి.

ఆంటీ సరదాకి అన్నది సాయంత్రానికి బావ వైద్యపరిభాషలో ఖాయం చేశాడు. ఈ జాతి అలుగుతుందట, నిజంగానే. శని ఆదివారాల్లో బావ కుర్చీ వేసుకుని తొట్టె ముందు కూర్చునేవాడు కదా, మొహం గుర్తుపట్టింది. ఆ మొహం నెలన్నరగా లేదు. పైగా అంత తొట్టెలో తనొక్కటే. చుట్టూ ఇంకేదీ నిబ్బరంగా తిరగకపోతే, ఎక్కడో పెద్ద ప్రమాదం పొంచి ఉంది కాబట్టే అందరూ దాక్కున్నారని అనుకుంటుందట. "మేం కూడా అలాగే అనుకుంటున్నాం బావా" అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు. "తోడు కావాల్రా దానికి" అన్నాడు బావ.

తోడు వెతకడం అంత తేలికైన పని కాదని ఆ తర్వాత తెలిసింది. లాక్‌డౌన్‌లో మూడు కిలోల పిండి దొరకడమే గగనంగా ఉంటే, మేము ఒక అలిగిన చేపకి సంబంధాలు చూడటం మొదలుపెట్టాం. మొదటి సూత్రం బావ చెప్పాడు. "నోట్లో పట్టేదేదైనా దానికి మేత. నోట్లో పట్టనిది పొరుగు." వినడానికి బాగానే ఉంది, కానీ ఆ నోరు నెలనెలా పెరుగుతోంది. ఇవాళ్టి పొరుగు వచ్చే నెల మేత కావచ్చు. అంటే ఇప్పుడు ఎంతుంది అని కాదు, ముందు ముందు ఎంతవుతుంది అని చూసి తేవాలి. అదే జాతిది ఇంకోటి తెస్తే? జత కుదిరితే కుదిరింది, లేకపోతే ఒకటే మిగులుతుంది. గోల్డ్‌ఫిష్? అది తోడు కాదు, టిఫిను. అడుగున తిరిగే ముళ్ళ చేప ఉంది, దాన్ని మింగబోతే ముళ్ళు విచ్చుకుని గొంతులో ఇరుక్కుంటాయి, ఇద్దరూ పోతారు. మరీ కోపిష్టిది వద్దు, మన అల్లుడుగారు బయటికి కనిపించినంత వీరుడు కాడు. మరీ పిరికిదీ వద్దు, దాని భయం ఈయనకి అంటుకుంటుంది. ఆంటీ కిటికీ బయట నిలబడి అంతా విని, "మా అమ్మాయికి ఇన్ని చూడలేదు బాబూ" అన్నారు.

పెంపుడు జంతువుల కొట్టు తెరిచే ఉండేది, మేత అత్యవసరం కాబట్టి. కాకపోతే లోపలికి రానివ్వరు. కొట్టతను వీడియో కాల్‌లో తొట్టెల ముందు ఫోన్ పట్టుకుని నడుస్తూ ఒక్కొక్కరినే చూపించాడు. నా జీవితంలో నేను హాజరైన మొదటి పెళ్ళిచూపులు అవే. ఒక తొట్టెలో గుండ్రంగా, బల్లపరుపుగా, వెండిలా మెరుస్తూ కొన్ని చేపలు గుంపుగా తిరుగుతున్నాయి. సిల్వర్ డాలర్లట. యూరోల దేశంలో డాలర్లు. "ఎత్తు ఎక్కువ, నోట్లో అడ్డంగా పట్టదు. గడ్డీ గాదం తింటాయి. ఎవరి జోలికీ పోవు. ఒక్కటే తీసుకెళ్తే బెంగతో చస్తుంది, కనీసం మూడు తీసుకెళ్ళు. గ్రాండ్‌గా ఉంటాయి" అన్నాడు. మళ్ళీ ఆ మాట. అక్క మొహం మాడిపోయింది. ఆంటీ మాత్రం కిటికీ బయట నుంచే ఫోన్‌లోకి తొంగిచూసి, "అచ్చం చందువాలే! వేపుడుకి ఎంత బావుంటాయో" అన్నారు. దాంతో అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంబంధం వాయిదా పడింది. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూ వారం గడిచింది. అల్లుడుగారు అప్పుడప్పుడు లేచి రెండు మెతుకులు తిని మళ్ళీ పాన్పు ఎక్కుతున్నారు. సాయంత్రం కాల్‌లో 'తింది' అనే ముందు అక్క ఆగడం ఎక్కువైంది.

అలాంటి ఒక మధ్యాహ్నం నేను సూపర్ మార్కెట్ బయట, ముందువాడికి ఆరడుగుల దూరంలో క్యూలో నిలబడి ఉంటే అక్క మెసేజి వచ్చింది. 'తోడు లేదురా. రేపు రేపు అనుకుంటూ గడిపేస్తున్నాం. ఇవాళ ఎలాగైనా తీసుకురా. ఆంటీకి కూడా చెప్పాను.' ఆవిడే తెగించి నిర్ణయం తీసుకుందంటే అక్కడ చేప పరిస్థితి ఎలా ఉందో! క్యూలోంచి బయటపడి, కారెక్కి, కొట్టతనికి ఫోన్ చేసి, మూడు డాలర్లు కట్టి ఉంచమన్నాను. దారిలో గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపారు. ఎక్కడికి అని అడిగితే, చేప మేతకి అన్నాను. వెళ్ళు అన్నాడు గార్డు. తిరుగు ప్రయాణంలో మళ్ళీ అదే గార్డు. పక్క సీట్లో, సీటుబెల్టు పెట్టుకుని, నీళ్ళ సంచీలో మూడు చేపలు మెరుస్తున్నాయి. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, మెడ సాచి చూశాడు.

"నీ మేత బతికే ఉందే."

నేను మొత్తం చెప్పాను. అక్క, ఏడో నెల, బావ, వార్డు, అలక, ముళ్ళు, నోటి సైజు, అన్నీ. ఒక పోలీసుకి అంత వివరంగా నిజం చెప్పడం నా వల్ల అవుతుందని అప్పటిదాకా నాకు తెలీదు. ఆయన చాలాసేపు ఆ సంచీ వైపు చూసి, "వాటిని వణకనివ్వకు, హీటరు వేసుకో" అని పంపించేశాడు.

ఇంట్లోకి వెళ్ళేసరికి అక్క వంటింట్లో పాలగిన్నె ముందు నిలబడి ఉంది. "తోడేదిరా?" అంది, నా చేతుల వైపు చూస్తూ. నేను సంచీ పైకెత్తాను. మూడు వెండి నాణేలు ఆవిడ మొహంలోకి చూశాయి. ఆవిడ సంచీని చూసింది, నన్ను చూసింది, పాలగిన్నెను చూసింది. "ఒరేయ్... నేనడిగింది పాలల్లోకిరా! తోడు పులిసిపోయి వారం నుంచీ కొట్టు పెరుగు తింటున్నాం కదా! ఆంటీ గుమ్మంలో గిన్నె పెట్టారు, వచ్చేటప్పుడు తెమ్మన్నాను!" ఇక మొదలైంది నవ్వు. పొట్ట పట్టుకుని, స్టవ్ కట్టేసి, మెట్ల మీద కూలబడి నవ్వింది. నెలల తర్వాత ఆ ఇంట్లో అంత చప్పుడు పుట్టింది. నేనూ నవ్వాను. నవ్వీ నవ్వీ ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "ఆ మెసేజి చూసి నీకు చేప గుర్తొచ్చింది. నయం" అంది.

"మరింకేం గుర్తు రావాలి?"

ఆవిడ కళ్ళు తుడుచుకోవడం ఇంకా అవలేదు. "ముందెళ్ళి ఆ గిన్నె తీసుకురా. పాలు చల్లారిపోతున్నాయి" అంది.

ఆ సాయంత్రం డాలర్ల గృహప్రవేశం. బావ ఫోన్‌ని ఆవకాయ జాడీకి ఆనించి కూర్చోబెట్టాం, ఆయన అక్కణ్ణుంచి ఆపరేషన్ నడిపించాడు. ముందు అల్లుడుగారి కడుపు నింపాలి, ఆకలి మీద పరిచయాలు పెట్టకూడదు. తర్వాత రాళ్ళన్నీ అటూ ఇటూ మార్చాలి, అప్పుడు ఇది నా ఇల్లు అనే పొగరు తగ్గి ఆయనకీ అది కొత్త ఇల్లవుతుంది. లైటు ఆర్పాలి. సంచీ నీళ్ళలో కాసేపు తేలనివ్వాలి. అన్నీ చేశాం. డాలర్లు మూడూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని బయటికొచ్చాయి. అల్లుడుగారు పాన్పు మీంచి లేచారు. అక్క నా మణికట్టు పట్టుకుంది. ఆయన ఒకసారి చుట్టూ తిరిగి, ఉన్నట్టుండి ఒకదాని మీదికి దూకి, దాని అంచు నోట్లో పట్టేశారు. అక్క అరిచింది. నేనూ అరిచాను గానీ, అది అక్క గోళ్ళకి. "ఏమైంది? ఏమైంది? ఎవరైనా కెమెరా తిప్పండి! ఏమైందో చెప్పండి!" అని ఆవకాయ జాడీ దగ్గర్నుంచి బావ గొంతు. రోజంతా వందమందికి నిదానంగా ఉండండి అని చెప్పే మనిషి. నోట్లోకి వెళ్ళినంత వెళ్ళింది, ఇంక పట్టలేదు. అల్లుడుగారు కాసేపు ఆలోచించి వదిలేశారు. డాలరు ఒక పొలుసు పోగొట్టుకుని, ఏమీ జరగనట్టు వెళ్ళి మిగతా రెండింట్లో కలిసింది. "వదిలేశాడు బావా" అన్నాను. బావ ఊపిరి వదిలిన చప్పుడు ఫోన్‌లో తుఫానులా వినిపించింది.

అల్లుడుగారు మర్నాటి నుంచీ తిన్నారు. కానీ అక్కకి నిమ్మళం రాలేదు. ప్రతి ఆదివారం అద్దానికి స్కేలు ఆనించి ఆయన నోరూ డాలర్ల ఎత్తూ నాచేత కొలిపించేది. రెండూ పెరుగుతున్నాయి. ఏది ముందు పెరుగుతుందా అని మా ఇద్దరికీ గుబులే. "అవి అసలేం చెయ్యవేంటి బావా, ఊరికే తిరుగుతాయి" అని నేను ఒకరోజు అంటే ఆవకాయ జాడీకి ఆనించిన ఫోన్‌లో బావ నవ్వాడు. "తోడంటే అంతేరా. పక్కన ఉండాలి. తినకూడదు, తినబడకూడదు. అంతకుమించి ఏమీ చెయ్యక్కర్లేదు." బాగుంది, రాసుకో అన్నాను. చేప గురించే అనుకున్నాను నేను.

నెల తిరిగింది. ప్లాను ప్రకారం బావ వార్డులోంచి బయటపడి గదిలో ఒంటరిగా కూర్చున్నాడు. అక్క రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. సగం అయ్యాక ఒక సాయంత్రం ఫోన్ చేసి, చేప తిందా అని అడగడానికి బావ మామూలుకంటే ఎక్కువసేపు తీసుకున్నాడు. వార్డు వదిలిన చివరి రోజు తనతో కలిసి టీ తాగిన డాక్టరుకి పాజిటివ్ వచ్చిందట. తనకి మొన్నటి నుంచి గొంతు గరగర. టెస్టులో ఏమీ లేదన్నారు గానీ, తను నమ్మడం లేదు. మళ్ళీ మొదటినుంచి లెక్క. అక్క తొట్టె వైపే చూస్తూ అంది, "చేప తింది. నేనూ తింటున్నాను. నువ్వు మళ్ళీ మొదలుపెట్టు." ఫోన్ పెట్టేశాక ఒక గంట వంటింట్లో అలమరలన్నీ తీసి డబ్బాలు సర్దింది. సర్దిన డబ్బాలే మళ్ళీ సర్దింది. నేను ఒక జోకు వెయ్యబోయి మానేశాను. నా చరిత్రలో అది అరుదైన ఘటన.

పిల్లకి మా ప్లానుతో పనిలేదు. చెప్పిన తేదీకి పదహారు రోజుల ముందు, పొద్దున్న నేను తొట్టెలో మేత వేస్తుంటే మెట్ల మీద అక్క రెయిలింగు పట్టుకుని ఆగిపోయింది. బావకి ఫోన్ చేశాం. ఆయన లెక్కలో ఇంకా వారం ఉంది. కారు తాళాలు ఆయన చేతిలోనే ఉన్నాయి, గలగల వినిపిస్తోంది. చివరికి ఆయనే, "నేను రాకూడదు" అన్నాడు. నాతో కాదు, అక్కతో కాదు, తాళాలతో చెప్పినట్టు అన్నాడు. గలగల ఆగిపోయింది.

ఆంటీ పరుగున వచ్చారు. షుగరు, ఇంట్లో స్టెంటు అంకుల్, ఆవిడ వెళ్ళడానికి లేదు. మిగిలింది నేను. ఆంటీకి అసలు భయం అప్పుడు పట్టుకుంది. "పురిటిగదిలోకి తమ్ముడా? మగపిల్లాడా? ఎక్కడైనా ఉందా!" అని గుమ్మం బయట నిలబడి గుండెలు బాదుకున్నారు. నాకు మాత్రం సరదానా? టీవీలో ఇంజెక్షన్ చూపిస్తే ఛానెల్ మార్చేవాణ్ణి. అక్క కారులో కూర్చుని, కళ్ళు మూసుకుని, "ఆంటీ, వాడు మగపిల్లాడు కాదు, వాడు నా తమ్ముడు" అంది. ఆంటీ ఒక్క క్షణం ఆలోచించి, శాస్త్రాన్ని అక్కడికక్కడే సవరించారు. "పోనీలే. మొహం అటు తిప్పుకుని నిలబడు బాబూ. చెయ్యి మాత్రం ఇటివ్వు."

ఆసుపత్రిలో రెండు గంటలు కార్ పార్కులో, చేతిలో ఫోన్‌తో. అక్క ఒక్కతే లోపల. పక్క కారులో ఒక ఐరిష్ కుర్రాడు, అతనిదీ అదే పరిస్థితి. ఇద్దరం అద్దాల్లోంచి ఒకరికొకరం తలలు ఊపుకున్నాం. తొట్టెలో చేపలు ఎలా పలకరించుకుంటాయో అప్పుడు అర్థమైంది. తర్వాత రమ్మన్నారు. "నువ్వేనా నాన్నవి?" అంది నర్సు. "కాదు, తమ్ముణ్ణి." ఆవిడ ఒక్క క్షణం చూసి, "గ్రాండ్" అంది. ఆ మాటకి అర్థం ఏ భాషలో తీసుకోవాలో నాకు తెలియలేదు.

మొదటి జోకుకి అక్క నవ్వింది. రెండోదానికి నవ్వలేదు. మూడోది సగంలో ఉండగా, "నోరు మూసుకుని పక్కన ఉండరా, చాలు" అంది పళ్ళ బిగువున. మూసుకున్నాను. ఇరవైనాలుగేళ్ళుగా నా దగ్గరున్నది ఆ నోరొక్కటే. అది లేకుండా ఎలా నిలబడాలో ఎవరూ నేర్పలేదు. ఒకరు నేర్పారు, ఆవకాయ జాడీకి ఆనుకుని. పక్కన ఉండాలి, అంతే. మొహం గోడవైపు తిప్పుకున్నాను. గోడ మీద చేతులు ఎలా కడుక్కోవాలో చూపించే బొమ్మల పోస్టరు. ఇవాళ్టికీ అందులో ఏ వేలి తర్వాత ఏ వేలో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఒక చెయ్యి అక్క చేతిలో నలుగుతోంది, ఇంకో చేతిలో స్పీకరు పెట్టిన ఫోన్. ఫోన్‌లో మాటల్లేవు, ఊపిరి చప్పుడు మాత్రం. మధ్యలో ఒకసారి అక్క, "అల్లుడుగారికి మేత వేశావా?" అంది. "వేశాను" అన్నాను. ఫోన్‌లో ఊపిరి కాస్త కుదుటపడింది. ఆ తర్వాత చాలాసేపు పోస్టరే.

ఆఖరికి గదిలో ఏడుపు వినిపించింది. ఫోన్‌లోంచి బావ అరుస్తున్నాడు. "ఎవరు? ఎవరేడుస్తున్నారు?"

"ముగ్గురం ఏడుస్తున్నాం బావా" అన్నాను. "నీక్కావాల్సింది ఎవరు?"

బావ తన లెక్క పూర్తిచేసుకుని వచ్చాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే, అందరికంటే ముందు గుర్తుపట్టింది అల్లుడుగారు. తొట్టెలో ఈ చివర నుంచి ఆ చివరికి గంతులు వేశారు. అక్క పాపని ఎత్తుకుని నిలబడి, "ముందు చేతులు కడుక్కో" అంది. ఎలా కడుక్కోవాలో నేను చెప్తానన్నాను.

ఇప్పుడా పాప స్కూలుకి వెళ్తోంది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం నేస్ యాసలో ఇంగ్లీషు. పోయిన ఆదివారం తొట్టెకి ముక్కు ఆనించి, "మామా, హీ ఈజ్ స్టార్వింగ్" అంది. అది అబద్ధమని మా అందరికీ తెలుసు. అల్లుడుగారు ఇప్పుడు భోజనం పళ్ళెమంత. డాలర్లు మూడూ సాసర్లంత, ఆయన పక్కనే, ఏమీ చెయ్యకుండా తిరుగుతున్నాయి. నేను గిన్నె మూత సరిచూసుకుని, పక్క సీట్లో పెట్టి, సీటుబెల్టు పెట్టాను. ఇంటికి వెళ్ళి పాలు గోరువెచ్చన చేసి, చెంచాడు వేసి, హాట్‌ప్రెస్‌లో పెట్టాను. ఆ రోజుల్లోంచి నేను దాచుకున్నదీ ఇంతే, ఒక చెంచాడు. కాలాన్ని అంతకంటే ఎక్కువ దాచుకుంటే పులుస్తుంది.